చలివేంద్రంలో సిరినాగుడు

సిరినాగుడు ఆ పనిలో చేరి ఎన్ని వేసవులు గడిచాయో లెక్కపెట్టడం మానేశాడు.

కొండ మీద బౌద్ధారామం. కింద బాట పక్కన తాటాకుల పందిరి, నీళ్ళకుండలు. భిక్షువైన కొత్తలోనే గురువు భద్రసేన స్థవిరుడు అతన్ని అక్కడ కూర్చోబెట్టాడు. దారిన పోయేవాళ్ళకు నీళ్ళు పొయ్యాలి, అంతే పని. తన తర్వాత వచ్చినవాళ్ళు పైన సూత్రాలు వల్లిస్తున్నారు, ధ్యానంలో కూర్చుంటున్నారు. నీళ్ళు తాగినవాడు ఏదో ఒక ఊరికి వెళతాడు. పోసినవాడికే కదలిక లేదు. ఒక్కోసారి అతనికి ఏడుపొచ్చేది.

ఒక మిట్టమధ్యాహ్నం స్థవిరుడు ఎండన పడి కిందికి వచ్చాడు. సిరినాగుడు తన భిక్షాపాత్ర తెచ్చి ఆయన ముందు పెట్టాడు.

"ఇంటికి పోతాను, సెలవిప్పించండి భంతే. ఈ పందిట్లో ఇరుక్కుపోయాను. ఇంకొన్నాళ్ళుంటే నేనూ ఒక కుండనైపోతాను."

స్థవిరుడు కాదనలేదు. పాత్రను పక్కన పెట్టి, దాహంగా ఉంది, కాసిని నీళ్ళు పొయ్యమంటూ వంగి దోసిలి పట్టాడు.

సిరినాగుడు ముంత వంచాడు. వంచుతూనే మనసులో ఉన్నదంతా చెప్పుకుపోయాడు. తోటివాళ్ళు ఎంత ముందుకు పోయారో, ఊళ్ళో ఏ పని చూసుకోవాలో, తనను చూసి అమ్మ ఏమంటుందో. చూపు కాసేపు కొండ మీద, కాసేపు బాట చివర.

ముంత ఖాళీ అయ్యాక ఇటు తిరిగాడు. నీళ్ళన్నీ గురువు మోచేతుల మీదుగా ఇసుకలోకి పోయాయి. ముసలాయన పెదవులు ఎండిపోయే ఉన్నాయి. దోసిలి మాత్రం తియ్యలేదు.

సిరినాగుడికి తల కొట్టేసినట్టయింది. చూసుకోలేదని గొణిగాడు.

"ఇక్కడ ఇరుక్కుపోయానన్నావు. అసలు నువ్విక్కడ ఉన్నదెప్పుడు, నాయనా?"

అంతలో కట్టెలమోపుతో ఒక అవ్వ వచ్చింది. స్థవిరుడు పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చాడు.

సిరినాగుడు మళ్ళీ ముంత వంచాడు. అవ్వ వేళ్ళ నిండా ముళ్ళు గీరిన గాట్లు. ఆమె గుటక వేసినప్పుడల్లా ధార సన్నం చేశాడు. తల అడ్డంగా ఊపగానే ఆపేశాడు. అవ్వ కొంగుతో మూతి తుడుచుకుంది.

"సల్లంగుండు నాయనా."

ఆ మాట రోజూ ఎందరో అనేవాళ్ళేమో. అతను వినడం అదే మొదలు.

పాత్ర సంగతి ఇద్దరూ ఎత్తలేదు. సిరినాగుడు ముంత నింపుకుని గురువు వైపు తిరిగాడు. ఆయన దోసిలి పట్టి ఎదురుచూస్తున్నాడు.