పప్పు తక్కువట

తాండూరు దారిలో ఒక చిన్న మఠం. అక్కడ వంట చూసుకునే శిష్యుడు సంగప్ప. తెలిసిన సంగతి కంటే తెలియని సంగతిని గట్టిగా చెప్పే మనిషి. నాకు దగ్గరి చుట్టమేమోనని అనుమానం.

ఒక పొద్దున సంగప్ప గురువు విరూపయ్య స్వామి ముందు నిలబడ్డాడు.

"అయ్యగారూ, కందిపప్పు ధర మండుతున్నది. మొన్నటిదాకా పప్పును అడిగినోడు లేడు. ఇప్పుడు శెట్టి కొట్టు ముందర జాతర. మీరు ఊఁ అంటే కొట్లున్న బస్తాలన్నీ మనమే తెచ్చి పెట్టుకుందాం. లేకుంటే వచ్చేపోయేటోళ్లకు ఏం పెడతం?"

"ఎందుకు పెరిగిందిరా?"

"పంట తక్కువట."

"చూసినవా?"

"అందరూ అంటున్నరు గదా!"

"సరే. భోజనాలు కానీ, తర్వాత చూద్దాం."

మధ్యాహ్నం పంక్తి కూర్చుంది. వడ్డన శివమ్మది. స్వామి మొదటి ఆకు ముందు కూర్చున్నాయన చెవిలో ఏదో అని, పోయి తన చోట కూర్చున్నారు.

ఆ మాట వరుస వెంట నడిచింది. "పప్పు తక్కువట." నాలుగు ఆకులు దాటేసరికి, "సగం మందికి గూడ రాదట." సంగప్పను చేరేసరికి, "రేపట్నుంచి మఠంల పప్పే ఉండదట!"

పప్పు వండింది సంగప్పే. గుండిగలో ఎంతుందో అతనికి తెలియనిది కాదు. అయినా మోకాళ్ల మీద లేచి, "శివమ్మా, ఇటు రెండు గరిటెలు!" అని కేకేశాడు. పడగానే గబగబా కలిపేశాడు కూడా.

అతని పక్కన, పంక్తి చివర, కాలినడకన వచ్చిన ఒక అవ్వ. ఆమె దగ్గరికి వచ్చేసరికి గరిటె గుండిగ అడుగుకు తగిలి టంగుమంది.

"నాకు లేదా బిడ్డా?"

సంగప్ప తన ఆకు చూసుకున్నాడు. చెయ్యి పెట్టిన అన్నం. ఇంకొకరికి పెట్టేది కాదు. అవ్వ ఇంత ఉప్పు వేసుకుని మజ్జిగ పోయించుకుంది. "మజ్జిగ మంచిగుంది నాయనా" అంది తింటూ. అదే సంగప్పకు ఎక్కువ గుచ్చుకుంది.

చేతులు కడుక్కోగానే స్వామి దగ్గరికి పరుగెత్తాడు.

"చూస్తిరా అయ్యగారూ! రోజూ వండినంతనే వండిన. అయినా తక్కువైంది. పాపం, ముసలవ్వకు అందలే. ఇంక ఆలోచించేదేముంది, బస్తాలు తేవాల్సిందే!"

స్వామి అతన్ని పెరట్లోకి తీసుకెళ్లారు. ఎత్తి పారేసిన విస్తళ్ల దగ్గర మఠం బర్రె నిలబడి ఉంది. ఏ ఆకు చూసినా ముట్టని పప్పే. బర్రె తీరిగ్గా నాకుతోంది.

"తక్కువేం కాలేదురా," అన్నారు స్వామి. "బర్రె దాకా వచ్చింది."