ఉత్తరం చదివేంత వెలుగు

కోటేశ్వరికి కావలసింది ఒక్క సంతకం.

ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చేసి, నాటకాలకు లైట్లు పెట్టే మీరావలి మాస్టారి దగ్గర చేరి నాలుగేళ్ళయింది. మొదటి ఏడాదంతా కేబుళ్ళు చుట్టడంతోనే సరిపోయింది. తరవాత నిచ్చెన ఎక్కింది, లైట్లు బిగించింది, వాటిని నడిపే బోర్డు మీద చెయ్యి వేసింది. ఇప్పుడు హైదరాబాదులో ఒక థియేటరు వాళ్ళు ఉద్యోగం ఇస్తామన్నారు. మెలిక ఒకటే. ‘ఈమె ప్రదర్శన మొత్తం ఒంటిచేత్తో నడపగలదు’ అని గురువు సంతకం చేసిన ఉత్తరం రేపటికల్లా పంపాలి. లేకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది.

ఉత్తరం తనే టైపు చేయించి తెచ్చింది. పిల్ల గట్టిది, అడగడానికి మొహమాటపడలేదు.

“పెడదాంలే అమ్మాయ్,” అన్నారు మాస్టారు ఉత్తరం జేబులో పెట్టుకుంటూ. “సాయంత్రం నాటకంలో తల్లి ఒక్కతే నిలబడి మాట్లాడే ఘట్టం ఉందిగా. ఆ లైటు పెట్టి నన్ను పిలు.”

మధ్యాహ్నం వేళ. తెనాలిలో ఆ హాలు ఖాళీగా ఉంది, నటులింకా రాలేదు. తల్లి నిలబడే చోట వేదిక మీద సుద్దముక్కతో గుర్తు పెట్టి ఉంది. కోటేశ్వరి హాలు దీపాలన్నీ ఆర్పేసి, నిచ్చెనెక్కి లైటు తిప్పింది. సుద్ద గుర్తు చుట్టూ వెలుగు గుండ్రంగా పడింది, పెనం మీద పోసిన దోసెలాగా. దిగొచ్చి, వెనక వరసదాకా నడిచి చూసుకుంది. ఎంత ముద్దుగా ఉందో! నిజం చెప్పొద్దూ, ఎవరు పెట్టినా మురిసిపోయే పనే అది.

“అయిపోయింది మాస్టారూ.”

ఆయన చెప్పులు విప్పి వేదికెక్కారు. సరిగ్గా గుర్తు మీద నిలబడి, జేబులోంచి ఉత్తరం తీసి కళ్ళ ముందు పట్టుకున్నారు. అలాగే ఉండిపోయారు.

“అక్షరాలు ఆనడం లేదే,” అన్నారు చివరికి.

“కళ్ళజోడు మార్పించండని ఎన్నిసార్లు చెప్పాను మీకు? ఇటివ్వండి, నేను చదువుతా.”

ఆయన పక్కకి జరిగారు. కోటేశ్వరి గుర్తు మీద నిలబడి ఉత్తరం విప్పింది. తను దగ్గరుండి టైపు చేయించిన ఉత్తరమే, ఒక్క ముక్క కనపడలేదు. కిందికి చూసుకుంది. పాదాలు ధగధగలాడుతున్నాయి. మోకాళ్ళ పైన అంతా చీకటే. ఏటవాలుగా దిగిన వెలుగు ఆమె ముఖానికి ముందుగానే జారిపోయి నేల మీద పడుతోంది.

సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

ఉత్తరం ఆయన చేతికిచ్చేసింది. “మీరిక్కడే నిలబడండి మాస్టారూ, కదలొద్దు,” అని మళ్ళీ నిచ్చెనెక్కింది. లైటు కొంచెం కొంచెంగా పైకెత్తింది. ఆ ముద్దులొలికే గుండ్రం కాస్తా సాగిపోయి, సగం వెనక తెర మీదికి పాకింది. పాకితే పాకిందని నేల వంక చూడనేలేదు. వెలుగు ముఖాన పడి మాస్టారు కళ్ళు చికిలించగానే మర బిగించేసింది.

మాస్టారు ఉత్తరం మొదటినుంచి చివరిదాకా పైకి చదివారు. పెన్ను తీసి, అక్కడే నిలబడి సంతకం చేశారు.

“సాయంత్రం బోర్డు దగ్గర మీరే కూర్చుంటారుగా?” అంది కోటేశ్వరి దిగుతూ.

“నేను నాటకం చూసి ముప్పై ఏళ్ళయింది తల్లీ,” అన్నారాయన. “ఇవాళ జనంలో కూర్చుంటా.”