రెండు ఒడ్ల గ్రహణం

శిష్యులు ఏదైనా అడిగితే సర్వదేవ సిద్ధాంతి వెంటనే జవాబు చెప్పేవాడు కాదు. "చూద్దాంలే నాయనా" అనేవాడు. ఆ చూడటానికి ఒక్కోసారి ఏళ్ళు పట్టేది. అందుకే పేరన్న అనే శిష్యుడితో రాబోయే గ్రహణం దాకా ఆగితే చాలు అన్నప్పుడు, వీడి అదృష్టం బాగుందని తక్కినవాళ్ళు అనుకున్నారు.

పేరన్న అడిగినది ఇది. "స్వామీ, ఆకాశం ఒక్కటే గదా. మరి ఏటికి ఆవలి ఒడ్డు వాళ్ళ శాస్త్రం ఒక తీరుగా, మన శాస్త్రం ఇంకొక తీరుగా ఎందుకయింది?"

అడగవలసిన ప్రశ్నే. ఒకప్పుడు ఆ రెండు ఒడ్లూ ఒకే రాజ్యం. ఏలే అన్నదమ్ములకు పొసగక దాన్ని పంచుకున్నారు. ఆ తరవాత ఆవలి ఒడ్డు సిద్ధాంతులు మిద్దె మీద కొయ్య మేకు పాతి, దాని నీడ కొలిచి లెక్క కట్టసాగారు. ఆ సంగతి తెలిసిన నాటి నుంచి ఈవలి ఒడ్డున నీడ కొలవటం శత్రువుల పనైపోయింది. ఇక్కడ అంతా నోటి లెక్కే, అదీ పద్యాల్లో. మేకు చేతబట్టుకుని ఎండలో కనిపించిన విద్యార్థికి ఆ పూట అన్నం లేదు. వాళ్ళూ తక్కువేం తినలేదు. పద్యం వినబడితే "గాలి లెక్కలొచ్చాయి" అని చెవులు మూసుకునేవారు.

పేరన్న అలా అడగటానికి ఇది పైకి కనిపించే కారణం. లోపలి కారణం పేరు అహోబలం. ఆవలి ఒడ్డు సిద్ధాంతుల్లో పేరన్న ఈడువాడు, పేరన్న ఏనాడూ కళ్ళతో చూడనివాడు. అతని కాలికి వాళ్ళ రాజు గండపెండేరం తొడిగాడని విన్న రోజు పేరన్నకు అన్నం సయించలేదు. అదైనా ఓర్చుకునేవాడేమో. ఈ ఒడ్డు ఆడవాళ్ళే, ఉప్పు కోసం తిరిగే ఒకే ఒక్క పడవ నడిపే పోలయ్యను చాటుకు పిలిచి, "అహోబలయ్యగారు ఏ వేళ మంచిదన్నారు?" అని అడుగుతున్నారు. పేరన్న సొంత మేనత్త కూడా అడిగింది. ఆ కడుపుమంట ఇక చల్లారలేదు. అహోబలం ఒక్కసారి, ఒకే ఒక్కసారి నలుగురిలో తప్పితే చాలు, తనకింకేమీ అక్కరలేదనుకునేవాడు.

ఇంతలో సూర్యగ్రహణం దగ్గరపడింది. రాజుగారి కోడలు నిండు చూలాలు. గ్రహణ వేళ ఆమె మీద ఎండ పొడ సోకకూడదని అంతఃపురమంతా హడలిపోతున్నది. రాజు పేరన్నను పిలిపించాడు. "వేళ సరిగ్గా చెప్పావా, ఆస్థాన సిద్ధాంతి పీఠం నీది. తప్పావా, ఇక ఈ రాజ్యంలో నీ మాట వినేవాడుండడు" అన్నాడు.

పేరన్న లెక్క కట్టాడు. పొద్దు పొడిచిన ఆరు గడియలకు గ్రహణం పట్టాలి. గురువు మొదటి నుంచి చివరిదాకా విని తల ఊపాడు. పేరన్న పొంగిపోయి, అదే ఊపులో రేవుకు పోయి, అడగనట్టే పోలయ్యను అడిగాడు.

"ఏం పోలయ్యా, ఆవల గ్రహణం ఎప్పుడట?"

"ఆరు గడియలకంటండయ్యా."

పేరన్న మొహం మాడిపోయింది. అహోబలం చెప్పిందే తానూ చెబితే ఇంకేముంది! పడవవాణ్ణి అడిగి చెప్పాడంటారు. ఆ మాట ముందుగా మేనత్తే అంటుంది. పీఠమెక్కినా అహోబలం ఎంగిలి తిన్నవాడిగానే ఎక్కాలి. పైగా, శత్రువు పెట్టిన వేళను మన కొలువులో చదవటమా? తప్పు ఉండాలని కూర్చుని వెతికితే తప్పు దొరక్కపోదు. పాత పద్యాలన్నీ తిరగేసి, ఈ ఒడ్డున రాహువు నడక కాస్త మందమని తేల్చాడు. ఆ సవరణకు రాజుగారి పేరు పెట్టాడు. ఆరు కాస్తా ఏడయింది. గురువుకు మాత్రం చెప్పలేదు. కొలువులో చదివినప్పుడు "ఇదీ మన లెక్కంటే!" అని సభంతా మెచ్చుకుంది.

గ్రహణం నాటి పొద్దున రెండు ఒడ్లూ జనంతో నిండిపోయాయి. ఐదో గడియ గంట మోగింది. మోగీ మోగగానే ఆవలి ఒడ్డు వాళ్ళు పట్టుస్నానానికి బిలబిలా నీళ్ళలోకి దిగారు. పేరన్న తెల్లబోయాడు. ఆరని గదా అన్నది? ఐదుకే దిగుతారేం? సూర్యుడు చెక్కుచెదరకుండా వెలుగుతున్నాడు. వాళ్ళు మునుగుతున్నారు, లేస్తున్నారు, పైకి చూస్తున్నారు, వణుకుతున్నారు. ఈ ఒడ్డున ఒకటే నవ్వులు. అందరికంటే గట్టిగా నవ్వింది పేరన్న. అహోబలం తప్పాడు, అదీ రెండు రాజ్యాలు చూస్తుండగా! అంత సంతోషం అతనికి పుట్టి బుద్ధెరిగాక కలగలేదు.

నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకునేసరికి ఎండ రంగు మారింది. ఆరో గడియ గంట మోగుతుండగా సూర్యుడి అంచు నల్లబడింది. ఈ ఒడ్డు రేవులో ఇంకా ఎవరి పాదమూ తడవలేదు. కోటలో, ఏడు గడియల దాకా భయం లేదు గదా అని తలంటుకుని, రాజుగారి కోడలు పెరట్లో జుట్టు ఆరబెట్టుకుంటున్నది. దాసీల కేకలకు బెదిరి లోపలికి పరుగెత్తి, గడప తట్టుకుని పడింది. బిడ్డకేమీ కాలేదని మంత్రసాని చెప్పేదాకా కోటలో ఎవరికీ ఊపిరాడలేదు. తరవాత రాజు పేరన్నను పిలిపించి ఒక్క మాటే అన్నాడు. "ఆవలి వాళ్ళను చూసి నవ్వావటగా."

పీఠం పోయింది. పేరన్న సిగ్గుతో ఊళ్ళోకి పోలేక రేవులో కూలబడ్డాడు. పోలయ్య పడవ కట్టేస్తూ, "ఆవల అహోబలయ్యగారి కాలి పెండేరమూ ఊడబెరికారండయ్యా" అన్నాడు.

ఆ మాట కోసమే ఇన్నాళ్ళూ కాచుకున్నవాడికి, తీరా విన్నాక నవ్వు రాలేదు. "మొదట ఆరన్నాడు గదా పోలయ్యా. ఐదెందుకు చేశాడు?"

"ఏమోనండయ్యా. తమరి లెక్కేమిటని ఆయన అడిగితే, గురుకులం పిల్లలు అనుకోగా విన్నదే, ఆరేనటండీ అన్నాను. ఆయన మొహం అదోలా అయిపోయింది. మర్నాటికల్లా ఐదన్నారు."

పేరన్న లేచి గురువు దగ్గరకు నడిచాడు. సర్వదేవ సిద్ధాంతి అరుగు మీద విడుపుస్నానం చేసిన తడి తల తుడుచుకుంటున్నాడు. పట్టుస్నానం కూడా ఆయన ఇంటి దగ్గరే ఆరో గడియకు కానిచ్చాడని ఎవరూ చెప్పనక్కరలేదు. పేరన్న కాళ్ళ మీద పడి, జరిగినదంతా దాచకుండా చెప్పి, "స్వామీ, గ్రహణం అయిపోయింది. నా ప్రశ్నకు..." అని నసిగాడు.

"రెండు శాస్త్రాలూ వేరెందుకయ్యాయనేగా?" అన్నాడు సిద్ధాంతి. "మొన్నటి దాకా మీ ఇద్దరి లెక్కా ఒకటే. వేరు చెయ్యడానికి నీకెంతసేపు పట్టింది, నాయనా?"