ఇద్దరు పెంచలయ్యలు

కొత్త కంప్యూటరు ఆ ఫైళ్లను తీసుకోనంటోంది. తెర మీద ఒకటే మాట: పేరు చెల్లదు.

నెల్లూరు దగ్గర కృత్రిమ కాళ్లు తయారుచేసే కంపెనీ అది. కాలు పోయినవాళ్ల కొలతలన్నీ ఆ ఫైళ్లలోనే ఉన్నాయి. ఏళ్ల తరబడి ఎవరికి తోచిన పేర్లు వాళ్లు పెట్టుకుంటూ వచ్చారు. పేరు చివర ఒకరు నక్షత్రం గుర్తు పెడితే, ఇంకొకరు ప్రశ్నార్థకం పెట్టారు. పాత యంత్రం అన్నిటినీ ఓర్చుకుంది. కొత్తది ఓర్చుకోలేదు.

అక్కడ కంప్యూటర్లు చూసేది దస్తగిరి సాహెబు. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న హేమాద్రి, "ఇదెంత పని ఉస్తాద్! చెల్లని గుర్తులన్నీ ఏరేసే ప్రోగ్రాం ఒకటి రాస్తాను" అన్నాడు.

"పేరు మార్చే ముందు ఫైలు తెరిచి చూడు."

"ఒక్కొక్కటీ తెరుస్తూ కూర్చుంటే ఎప్పటికి తెమిలేది?"

సాహెబు నమాజుకు వెళ్లారు. తిరిగొచ్చేసరికి మొదటి ఫోల్డరు అయిపోయింది. హేమాద్రి ముఖం వెలిగిపోతోంది.

కొన్నాళ్లకు పెంచలయ్య అనే గొర్రెల కాపరి కాలు తొడిగించుకోవడానికి వచ్చాడు. కొత్త కాలితో నాలుగడుగులు వేసి గోడ పట్టుకున్నాడు. విప్పి చూస్తే మొండికాలి మీద చర్మం లేచిపోయింది. నెత్తురు కారుతోంది.

"నాదే తప్పేమో నాయనా. అలవాటు పడాల గదా" అన్నాడు పెంచలయ్య.

హేమాద్రి పరుగున వెళ్లి పాత పేర్ల జాబితాలో వెతికాడు. పెంచలయ్యలు ఇద్దరున్నారు. ఒకరి పేరు చివర నక్షత్రం, ఇంకొకరి పేరు చివర ప్రశ్నార్థకం ఉండేవి. గుర్తులు పోయాక రెండూ ఒకే పేరయ్యాయి. రెండో ఫైలు మొదటిదాని మీద పడి దాన్ని చెరిపేసింది. మిగతావన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆ ఒక్క మనిషి కొలతలే ఎక్కడా లేవు. ఈయనకు తొడిగిన కాలు రెండో పెంచలయ్య కొలతలతో చేసింది.

"పేరే తప్పుగా ఉండింది ఉస్తాద్..." అని మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయాడు.

సాహెబు గిన్నెలో గోరువెచ్చని నీళ్లు, శుభ్రమైన గుడ్డ, కొలిచే టేపు తెచ్చి అతని చేతుల్లో పెట్టారు.

హేమాద్రి నేల మీద కూర్చుని పుండు కడిగాడు. టేపు తగిలినప్పుడు పెంచలయ్య రెండో కాలి వేళ్లు బిగుసుకున్నాయి. ఆసరాకు అతను హేమాద్రి భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి అక్కడ ఉన్నంతసేపూ హేమాద్రి తల ఎత్తలేదు.

కొలతలన్నీ కంప్యూటరులో ఎక్కించి, పేరు దగ్గర ఆగాడు. లేచి మళ్లీ బయటికి వెళ్లాడు.

"తాతా, మీ ఇంటిపేరేంటి? ఏ ఊరు మీది?"

పెంచలయ్య చెప్పాడు. హేమాద్రి అలాగే రాశాడు. కంప్యూటరు తీసుకుంది.

ఇంకా చాలా ఫోల్డర్లు మిగిలే ఉన్నాయి. తాను రాసిన ప్రోగ్రామును కాసేపు చూసి హేమాద్రి దాన్ని తీసేశాడు. రెండో ఫోల్డరులో మొదటి ఫైలు తెరిచాడు.

సాహెబు కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు.

"ఈ ఫైలు ఎవరిది?" అని అడిగారు.