కుక్క మందు దొర నోట్లో

చింతలకోట దొర రణభీముడికి బెబ్బులి అనే కుక్క ఉండేది. వీధిలో ఎవరు నడిచినా మొరిగేది. దొర మేడ మీద నుంచి "నోర్ముయ్!" అని అంతకన్నా గట్టిగా అరిచేవాడు. కుక్క ఇంకా రెచ్చిపోయేది.

చివరికి కోట ముందు చిమ్మిలి ఉండలు అమ్ముకునే అంకాలు మీద పడ్డాడు దొర. "నీ దగ్గరికొచ్చే జనం వల్లే ఇది మొరుగుతోంది. దుకాణం ఎత్తెయ్!"

కుక్కని రెచ్చగొడుతున్నది ఎవరో అంకాలుకు తెలుసు. కానీ ఆ మాట దొర మొహాన అనేదెలా?

"దొరా, నా దగ్గర మందుంది. కాకపోతే కుక్క మొరిగినప్పుడు యజమాని నోట్లో వేసుకోవాలి," అంటూ పిడికిలంత చిమ్మిలి ఉండ ఇచ్చింది.

బెబ్బులి మొరిగింది. దొర ఉండ నోట్లో కుక్కుకున్నాడు. దవడలు అతుక్కుపోయాయి. కుక్క కాసేపు మొరిగి, దొర వైపు చూసి, విసుగొచ్చి పడుకుంది.

"ఏం మందే ఇది?" అన్నాడు దొర, ఎలాగో మింగి.

"నువ్వులూ బెల్లమూ దొరా. తమరూ మొరుగుతున్నారనుకుని ఇన్నాళ్లూ అది తోడొచ్చింది, అంతే."

దొర కళ్లెర్రజేసి అరవబోయాడు. బెబ్బులి చెవులు నిక్కించి లేచింది. దొర గబుక్కున నోరు మూసుకుని, దుకాణం అక్కడే ఉండనిమ్మని చేత్తో సైగ చేశాడు.