వద్దు అనే మాట

పరాంకుశం గారు ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పరు. అడిగినవారికి ముందు మంచినీళ్ళు ఇప్పిస్తారు. ఆ నీళ్ళు తాగేలోగా సగం ప్రశ్నలు వాటంతటవే తీరిపోతాయని ఆయన నమ్మకం. ఆదివారం ఉదయాల్లో విజయవాడలోని వారింటికి భాగవతం చెప్పించుకోవడానికి వెళ్ళే నలుగురైదుగురిలో నేనూ ఒకణ్ణి.

వైశాఖమాసంలో ఒకనాడు పాఠం ముగిశాక నరహరి అడిగాడు. నరహరికి ముప్పై ఐదేళ్ళుంటాయి. మందుల కంపెనీలో ఉద్యోగం, అద్దె ఇల్లు, ఇద్దరు పిల్లలు.

"గురువుగారూ, ఊరంతా వేసవి సంబరాలు. ఒకచోట మామిడిపళ్ళ మేళా, ఒకచోట నాటకాలు, ఏటి ఒడ్డున తినుబండారాల బజారు. ఇంట్లోవాళ్ళు వెళ్దామంటారు. జీతం అద్దెకీ కరెంటుకీ సరిపోతోంది. వెళ్తే ఇంటిని దోచినట్టుంటుంది, మానేస్తే పిల్లల్ని దోచినట్టుంటుంది. కోరికను అణుచుకోవడం ధర్మమే కదా అని సర్దిచెప్పుకుంటున్నాను. అది ధర్మమేనా, లేక నా పిరికితనమా?"

నరహరి నీళ్ళు తాగేశాడు. ప్రశ్న మాత్రం తీరలేదు. పరాంకుశం గారు ఇలా చెప్పారు.

ఈ ఊళ్ళోనే సుదర్శనం అని ఒకాయన ఉండేవాడు. రంగుల దుకాణంలో గుమస్తా. భార్య మందాకినిది రేపల్లె వైపు. వాళ్ళ నాన్నకు నాటకాల పిచ్చి. ఎక్కడ పోటీలు జరిగినా కూతుర్ని వెంటేసుకుని వెళ్ళేవాడట. ఈ దంపతులకు ఇందు అని ఎనిమిదేళ్ళ పిల్ల. ముగ్గురూ ఒక మేడ మీద గదిలో అద్దెకుండేవారు. ఎండాకాలం సాయంత్రాల్లో ఆ గదిలో కూర్చోవడం ఎవరివల్లా కాదు. అందుకని ఆ ఇంట్లో వాటాలవాళ్ళంతా డాబా ఎక్కి, నీళ్ళు చల్లి, చాపలు పరుచుకునేవారు.

ఒక ఏడాది వేసవిలో రెండు వీధుల అవతల బడి మైదానంలో నాటక పోటీలు పెట్టారు. వెళ్దామా అని మందాకిని ఆశగా అడిగింది. "టికెట్టు పెట్టారు. మన వల్ల కాదు" అన్నాడు సుదర్శనం. పొద్దువాలగానే ఆమె డాబా మీద పిట్టగోడ పక్కన కూర్చుని, గాలిలో తేలివచ్చే మైకు మాటలు వినేది. వింటూ కూతురికి కథ చెప్పేది. "ఇదిగో, ఇప్పుడు తమ్ముడు లోపలికొచ్చాడు. చూడు, వదిన గొంతు ఎలా మారిందో. కుర్చీ లాగింది, కానీ కూర్చోమనలేదు." చూడని నాటకాన్ని ఆమె అలా చూపిస్తుంటే పక్క వాటాలవాళ్ళు కూడా తమ చాపలు అటు జరుపుకున్నారు. ఎవరో ముంజలు తెచ్చారు, ఎవరో పుచ్చకాయ కోశారు. సుదర్శనం మాత్రం దూరంగా, మెట్ల దగ్గర కూర్చునేవాడు.

ఒకరోజు నాటకం మంచి పట్టులో ఉండగా గాలి మళ్ళింది. ఒక్క మాట వినిపించలేదు. అందరూ అయ్యో అన్నారు. కింది వాటాలో ఉండే మస్తానమ్మ ఊరుకోలేక, "ఇంత తపన పడేదానివి, పోయి చూడరాదటే అమ్మాయ్? ఎంత దూరమని?" అంది.

"టికెట్టు కదా పిన్నీ."

"టికెట్టేంది? ఎవురు చెప్పారు నీకు? గేటు బార్లా తీసే ఉంటది. నిన్న మా అక్కా నేనూ పోయొచ్చాం."

మందాకిని మొగుడి వైపు చూసింది. ఆమెతోపాటు అందరూ చూశారు. సుదర్శనం లేచి మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆమె వెనకే దిగింది. ఆ ఉక్కలో, ఫ్యానైనా వేసుకోకుండా మంచం మీద కూర్చున్నాడాయన.

"మీకు తెలుసు కదూ?"

"తెలుసు."

"ఇన్నాళ్ళూ గాలికి చెవులు అప్పగించి కూర్చున్నాను. అది చూస్తూ ఎలా ఊరుకున్నారండీ?" కోపం కంటే అవమానం ఎక్కువైంది ఆమెకు, అందరి ముందూ అలా తెలిసినందుకు.

అప్పుడు చెప్పాడాయన. "నాటకానికి టికెట్టు లేదు. కానీ ఆ దారి పొడుగునా కొట్లే. బజ్జీలు, చెరుకు రసం, రంగు ఐసు, పీచుమిఠాయి. నిరుడు నువ్వు ఊరెళ్ళినప్పుడు ఇందుని ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్ళాను. ఒక్కో కొట్టు దగ్గరా ఆగి అడిగింది. వద్దమ్మా, వద్దమ్మా అంటూ వచ్చాను. కొంతదూరం పోయాక అది అడగడం మానేసింది. కొట్ల వైపు చూడకుండా తల దించుకుని నడిచింది మందాకినీ. అడిగినప్పుడు నాకంత కష్టం అనిపించలేదు. ఇంట్లో ఒక్కసారి వద్దంటే, అక్కడ అన్నిసార్లు అనక్కర్లేదు కదా అనుకున్నాను."

మందాకిని వచ్చి ఆయన పక్కన కూర్చుంది. తర్వాత ఆమే లేచి ఫ్యాను వేసి, "రేపు వెళ్దాం. వద్దు అనే మాట నాకొదిలేయండి" అంది.

మర్నాడు సాయంత్రం పెందలాడే పెరుగన్నం, కొత్తావకాయ వేసి ఇద్దరికీ కడుపునిండా పెట్టింది. బయల్దేరే ముందు ఇందును ఎదురుగా నిలబెట్టుకుంది. "అన్ని కొట్లూ చూద్దాం. తినేది మాత్రం ఒక్కటే. అదేమిటో నువ్వే తేల్చాలి. మేమూ అదే తింటాం. బాగోకపోతే మాట నీకే వస్తుంది మరి" అంది.

అంత పెద్ద బాధ్యత ఆ పిల్లకు అంతకుముందు ఎవరూ అప్పగించలేదు. మైదానం దారిలో తల ఎత్తుకుని, చేతులు వెనక్కి కట్టుకుని నడిచింది. బజ్జీల బండి దగ్గర ఆగి, నూనె ఎప్పుడు మార్చావని అడిగింది. బండివాడు నవ్వి, ఈ పూటేనమ్మా అన్నాడు. ముంజలవాడి దగ్గర లేతవేవో ముదురువేవో చూపించమంది. కొట్టు వచ్చినప్పుడల్లా అలవాటు కొద్దీ సుదర్శనానికి వద్దు అనే మాట నోటి చివరికి వచ్చేది. కానీ దాంతో ఆయనకూ పని పడలేదు, మందాకినికీ పడలేదు. "ఇది కాదు నాన్నా, పద" అని ఆ పిల్లే ఆయన చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. రంగు ఐసు దగ్గర మాత్రం చాలాసేపు నిలబడింది. అక్కణ్ణించీ కదిలింది. సుదర్శనం కండువాతో ముఖం తుడుచుకున్నాడు. ఎండాకాలం కదా, ఎవరూ ఏమీ అనుకోలేదు.

చివరికి ఒకటి తేల్చుకుంది. ముగ్గురూ మైదానంలో నేల మీద చతికిలబడి, అది తింటూ నాటకం చూశారు. హాస్యం వచ్చినచోట సుదర్శనం పగలబడి నవ్వాడు. ఆయన నవ్వితే అంత చప్పుడవుతుందని పిల్లకు ఆ రోజే తెలిసిందట.

ఆ తర్వాత వాళ్ళకేమీ కలిసిరాలేదు. జూన్‌లో బడి ఫీజుకు ఇబ్బంది పడనే పడ్డారు. మరుసటి ఏడు అద్దె పెంచితే ఊరి చివరికి మారారు. అక్కణ్ణించి ఏటా ఎండాకాలంలో సిటీ బస్సెక్కి నాటకాలకు వచ్చేవారు.

పరాంకుశం గారు అంతటితో ఆపేశారు. నరహరి నెమ్మదిగా అడిగాడు. "అయితే గురువుగారూ, ఆ సాయంత్రం వాళ్ళకు మొత్తం ఎంత ఖర్చయి ఉంటుంది?"

ఆయన నవ్వి, నరహరి భుజం మీద చెయ్యి వేశారు.

"పిల్ల ఏం తిన్నదని అడుగుతావనుకున్నాను నాయనా" అన్నారు.