గంప దించిన అరుగు

ఒక ఊళ్లో ఒక పెద్దమనిషి కొత్త ఇల్లు కట్టించాడు. అచ్చం పాతకాలం మండువా ఇల్లులాగే ఉండాలన్నాడు. చుట్టూ టేకు స్తంభాలు, పైన బంగాళా పెంకులు, నట్టనడుమ ఆకాశం. ఆ ఆకాశంలోంచి వాన పడకుండా మళ్లీ ఓ అద్దం. ఇక వీధివైపు అరుగు కావాలన్నాడు. అరుగు కట్టడం తెలిసిన మేస్త్రి ఆ చుట్టుపక్కల ఒక్కడే మిగిలాడు. పాతికేళ్ల తర్వాత ఒకరు అరుగు అడిగారని ఆ ముసలాయన పొంగిపోయి వచ్చాడు.

ఆయన అరుగును టేపుతో కొలవడు. దారిన పోతున్న ఆకుకూరల గంపామెను పిలిచి, పేర్చిన ఇటుకల మీద కూర్చోబెట్టాడు. ఆమె పాదాలు నేలకు ఆనేదాకా ఒక్కో వరసా తీశాడు.

"ఇప్పుడెలా ఉందమ్మా?"

"హాయిగా ఉంది బాబాయ్."

ఆ ఎత్తుకే అరుగు కట్టి, నున్నగా గచ్చు చేశాడు. "ఇక ఎండలో నిలబడే బాధ లేదే అమ్మాయ్, నీలాంటివాళ్ల కోసమే ఇది," అన్నాడు.

నాలుగు రోజులాగి వచ్చి చూస్తే అరుగు ముందు ఇనప కటకటాలు, వాటికో తాళం. అరుగు నిండా ఇత్తడి బిందెలు. గంపామె వీధిలోనే, ఎండలోనే నిలబడి ఉంది. మేస్త్రికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఇదేం పనండీ? మనిషి కూర్చోకపోతే అరుగెందుకండీ?"

"చూడ్డానికయ్యా. దారిన పోయేవాళ్లంతా కూర్చుంటే మాసిపోదూ?" అన్నాడు పెద్దమనిషి.

చూడ్డానికట. సిగ్గు లేకపోతే సరి. ఆ పూట మేస్త్రికి అన్నం సయించలేదు.

గృహప్రవేశం నాడు మేస్త్రిని కూడా పిలిచారు. ఫొటోలు తీసేవాళ్లు వచ్చి, అరుగు మీద ఎవరైనా గంపతో కూర్చుంటే కళగా ఉంటుందన్నారు. పెద్దమనిషి తాళం తీయించి, తను రోజూ తరిమేసే ఆ గంపామెనే పిలిపించాడు. ఆమె గంప దించి కూర్చుంది. ఫొటోలు చిటికెలో అయిపోయాయి.

"ఇక వెళ్లమ్మా," అన్నాడు పెద్దమనిషి.

"గంప ఎత్తండి, వెళ్తాను."

నిండు గంప ఎవరంతట వాళ్లు తలకెత్తుకోలేరు. ఎదురుగా ఉన్నవాళ్లు ఓ చెయ్యి వెయ్యాలి. పెద్దమనిషి తన పట్టుపంచె కేసి చూసుకున్నాడు. చుట్టాలు పక్కకు తిరిగారు.

"మేస్త్రీ, కాస్త ఆ గంప ఎత్తి పంపించు."

మేస్త్రి వచ్చాడు. రెండు బిందెలు తీసి నేలమీద పెట్టాడు. తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుని, ఆమె పక్కనే చతికిలబడ్డాడు.

"దించింది మీ అరుగు మీదండీ. ఎత్తాల్సింది కూడా మీరే."

వీధిలో పోతున్న కుండలాయన ఆగి ఇదంతా చూశాడు. తిన్నగా లోపలికొచ్చి, భుజమ్మీది కావడి అరుగు పక్కన దించాడు.

"కాస్త జరుగు మేస్త్రీ," అన్నాడు.